ఒకే మెషీన్, రెండు కొట్లు

డులుత్,
2025 జనవరి 6, సోమవారం

ఇర్యా అత్తకు,

ఈ పొద్దున మొదటి వింత నీ పేరే. క్లాసుకు వెళ్ళబోతూ పుస్తకం తెరిస్తే, సెలవుల్లో చదువు ఆపిన చోట గుర్తుగా పెట్టుకున్న కవరు జారి కింద పడింది. ఇన్నాళ్ళూ దాన్ని తిప్పి చూడనేలేదు. మీద "ఇర్యా బేకరీ" అని ఉంది. నువ్వు కొట్టు మూసి నాలుగేళ్ళు దాటింది కదా. పోయిన మనిషి పేరు మీద ఉత్తరం వచ్చినట్టు అనిపించింది.

అది నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్తాను. క్రిస్మస్ మర్నాడు నాన్న చేపలకు పొగపెట్టే షెడ్డులో కూర్చుని చదువుకుంటున్నాను. పొయ్యి రాజేయడానికి నాన్న కాగితాలు పోగేసే పెట్టె ఉంది కదా, అందులోంచి చేతికందినది తీసి పేజీల మధ్య పెట్టాను. కవరుకు ఇంకా ఆ వాసన పోలేదు. దానికి సరైన మాట కోసం అరగంట వెతికాను. మేపుల్ చెక్క, ఉప్పు, తడిసిన ఉన్ని, ఈ మూడూ కలిస్తే ఏమనాలి? ఉత్తరమంటే అందులో మనం చేత్తో తాకిన వస్తువు ఒకటైనా ఉండాలని మా రచన క్లాసు టీచరు అంటారు. అందుకే ఈ ఏడాది నీకు ఫోన్ చేయకుండా ఉత్తరాలే రాద్దామనుకున్నాను. నేను చేసే వేళకు నువ్వు ఎలాగూ నిద్రలో ఉంటావు.

తప్పేనని తెలుసు, కానీ కవరు విప్పాను. కార్డు మీద సరుకు అమ్మిన ప్రతిసారీ కొట్టువాళ్ళ దగ్గర కొంత కోసుకుంటారు చూడు, ఆ ఛార్జీ అన్యాయంగా ఎక్కువ పెట్టారని దేశంలోని వ్యాపారులందరి తరఫునా రెండు పెద్ద కార్డు కంపెనీల మీద, బ్యాంకుల మీద ఎప్పుడో దావా వేశారట. అది రాజీ అయింది. 2004 నుంచి 2019 జనవరి దాకా ఆ కార్డులు తీసుకున్న కొట్లు వాటా అడగవచ్చు. మూసేసిన కొట్లయినా సరే. పాత రసీదులు వెతుక్కునే పని లేదు. నీ పన్ను నంబరు కింద ఎంత ఛార్జీ పోయిందో వాళ్ళ దగ్గరే అంచనా ఉంది. నోటీసులో ఉన్న నంబర్లు కంప్యూటర్లో కొట్టి, ఆ కొట్టు నాదేనని సంతకం పెడితే చాలు. ఎంత వస్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. అడిగినవాళ్ళందరికీ వాళ్ళు కట్టిన ఛార్జీని బట్టి పంచుతారు. ఆఖరు రోజు ఫిబ్రవరి 4.

అన్నేళ్ళ రొట్టెలు అత్తా. ఆ డబ్బుతో కనీసం శనివారం షిఫ్టు మానేయగలవేమో.

కవరు ఇందులోనే పెట్టి పంపుతున్నాను. ఇక్కడ మంచు కాలి కింద పిండిలా కిర్రుమంటోంది. నిన్ను తలుచుకున్నాను.

నీ మేనకోడలు,
తిల్దా

*

గల్ హార్బర్,
జనవరి 10, శుక్రవారం

తిల్దాకు,

ఉత్తరం అందింది. సగం పొగ వాసన గురించే ఉంది. నేను పొద్దున నాలుగింటికి లేచి వృద్ధాశ్రమంలో అరవైమందికి జావ కాచే మనిషినని గుర్తుపెట్టుకుని రాయి. ఈ వారం పెద్ద గిన్నె అడుగు మాడింది. తోమేసరికి భుజం పట్టేసింది. ఈ అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

అయితే మీ నాన్న నా టపా పొయ్యిలో పెడుతున్నాడన్నమాట. మా పాత కొట్ల వరసలో ఇప్పుడు తెరిచి ఉన్నది వాడి కొట్టొక్కటే. పోస్టుమాన్ నావి కూడా అక్కడే పడేసి ఉంటాడు. అక్కడి నుంచి నా ఇల్లు పది నిమిషాల నడక. తెచ్చి గుమ్మంలో విసిరేసినా సరిపోయేది. పోనీలే.

ఇలాంటి కవర్ల సంగతి నాకు బాగా తెలుసు. రోజూ ఒకడు ఫోన్ చేస్తున్నాడు. "మేడం, మీకు కార్డుల సొమ్ము రావాలి, మేం ఇప్పిస్తాం, మూడో వంతు మాకివ్వండి" అని. నాది నాకు రావడానికి మధ్యలో నువ్వెందుకని అడిగాను. "శ్రమంతా మాది కదా మేడం" అన్నాడు. "నేను నాలుగింటికి లేస్తాను, నువ్వెన్నింటికి లేస్తావు బాబూ" అన్నాను. పెట్టేశాడు. ఈ కవరూ వాడిదే అయి ఉంటుంది. నువ్వేమైనా నంబర్లు కొట్టావా? కొట్టి ఉంటే ముందు ఆ సంగతి చెప్పు.

ఒకవేళ వాడిది కాకపోయినా నాకది వద్దు. ఎందుకని అడగకు.

దుప్పటి చాలుతోందా?

అత్త

*

డులుత్,
జనవరి 15, బుధవారం

అత్తకు,

నేనేమీ కొట్టలేదు. కవరు అతనిది కాదు. ఫోన్ చేసేది మధ్యవర్తి, కవరు పంపింది కోర్టు నియమించినవాళ్ళు. క్లెయిమ్ వేయడానికి ఎవరికీ ఒక్క సెంటు ఇవ్వక్కర్లేదని ఆ కాగితంలోనే ఉంది. నమ్మకం కుదరక ఇక్కడి లైబ్రరీలో కూడా అడిగాను. అక్కడి ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని చదివి, నిజమే అంది. నువ్వు అతనికి అవునని చెప్పనందుకు దండం పెట్టాలి.

నువ్వు అడగవద్దన్నావు కాబట్టి నిన్ను అడగలేదు. నాన్నను అడిగాను. ఫోన్ పెట్టగానే మాటలన్నీ రాసుకున్నాను, ఇది కూడా క్లాసులో నేర్చుకున్నదే.

"నాన్నా, అత్త కవర్లు ఎందుకు కాలుస్తున్నావు?"

"అడ్రసు కనపడేలా కిటికీ ఉన్న కవర్లన్నీ కాలుస్తాను. నావీ కాలుస్తాను. వాటిలో ఏనాడైనా మంచి మాట ఉంటుందా?"

"దీంట్లో ఉంది. అత్తకు డబ్బొస్తుంది."

"దేనికి?"

"కార్డు గీసినప్పుడల్లా కోసిన ఛార్జీకి."

పొయ్యి తలుపు తెరిచి మూసిన చప్పుడు వినపడింది. తర్వాత, "అయితే రెండోసారి కూడా తింటుందన్నమాట మీ అత్త" అన్నాడు. "రెండోసారేంటి, మొదటిసారి ఎప్పుడు?" అంటే చెప్పలేదు.

అత్తా, మీ ఇద్దరికీ మాటలు పోయినప్పుడు నాకు పదేళ్ళు. నాయనమ్మ ఆస్తి దగ్గర తేడా వచ్చిందేమో అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే ఒక కథ కట్టుకున్నాను. క్రిస్మస్‌కు పొద్దున మా ఇంట్లో, సాయంత్రం నీ ఇంట్లో రెండు భోజనాలు చేసి, రెండు చోట్లా ఆకలిగా ఉందని అబద్ధమాడటం నాకు అలవాటైపోయింది. ఇప్పుడైనా చెప్పు. గడువుకు మూడు వారాలు కూడా లేవు.

దుప్పటి చాలుతోంది.

తిల్దా

*

గల్ హార్బర్,
జనవరి 20, సోమవారం

తిల్దాకు,

ఆస్తా? మీ నాయనమ్మ వదిలి వెళ్ళింది ఒక కుట్టు మిషను, రెండు పిల్లులు. పిల్లుల కోసం ఎవరూ కొట్టుకోలేదు, నమ్ము.

ఈ రోజు సెలవు. మంచు తలుపు సగం దాకా ఉంది. తీసే ఓపిక లేదు, రాసే ఓపిక ఉంది. అందుకని చెప్తున్నాను.

నా బేకరీ, మీ నాన్న కొట్టు ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. కార్డు మెషీన్ నా దగ్గరే ఉండేది. వాడి కొట్టుకు అప్పట్లో ఫోన్ లైను లేదు, చేతులకేమో ఎప్పుడూ చేప జిగురు. వేసవిలో సరస్సు చూడ్డానికి వచ్చేవాళ్ళ జేబులో నగదు ఉండేది కాదు. కార్డు చూపించేవాళ్ళు, కుదరదంటే చేపలు బల్ల మీదే వదిలేసి పోయేవాళ్ళు. ఒకరోజు వాడే రంపం పట్టుకొచ్చి గోడలో చిన్న కిటికీ కోశాడు. అందులోంచి కార్డు ఇటు వచ్చేది. "అక్కా, వైట్ ఫిష్, పద్దెనిమిది" అని అరిచేవాడు. పిండి చేతులతోనే గీసేదాన్ని. రసీదు మీద నా బేకరీ పేరే పడేది. చికాగో నుంచి వచ్చిన ముసలాయన ఒకాయన ఇంటికెళ్ళి బిల్లు చూసుకుని, "పద్దెనిమిది డాలర్ల రొట్టె నేనెప్పుడు తిన్నాను" అని బ్యాంకుతో తగాదా పెట్టుకున్నాడు.

ఈ ఊళ్ళో అప్పుడు అందరిదీ అదే పద్ధతి. పడవలు అద్దెకిచ్చే అతను తన కార్డులు మంగలి కొట్లో గీయించేవాడు. అలా చేయకూడదని మెషీన్ ఇచ్చినవాళ్ళ కాగితంలో ఉందట. ఆ అక్షరాలు చీమ కాళ్ళంత. ఎవరు చదివారు?

సాయంత్రం నా గల్లాలోంచి వాడి చేపల డబ్బు ఇచ్చేదాన్ని, వందకు మూడు తగ్గించి. మొదటి రోజే చెప్పాను. "కొన్ని కార్డులకు రెండు పోతుంది, కొన్నింటికి మూడు పైనే పోతుంది. ఒక్కో చేపకూ లెక్క కట్టలేనురా, మూడనుకుందాం" అని. వాడు తలూపాడు. ఒప్పుకున్నాడనుకున్నాను. పొగలో ఉన్నాడు, దగ్గి ఉంటాడు.

తర్వాత ఒక ఆగస్టులో, బేరం జోరుగా ఉన్నప్పుడు, బార్లో ఎవడో ఎక్కించాడు. "కార్డంటే డబ్బే కదా, వందకు వందా వస్తుంది, మీ అక్క మధ్యలో మూడు మింగుతోంది" అని. మర్నాడు కిటికీలో తల పెట్టి, "అక్కా, సొంత తమ్ముడి దగ్గర కూడా కమీషనా?" అన్నాడు. కొట్టు నిండా జనం. "చేపలు అమ్ముకోరా, లెక్కలు నీకెందుకు" అన్నాను. అంతే. తెల్లారేసరికి కిటికీకి వాడి వైపు నుంచి చెక్క కొట్టి ఉంది. మేకులు నా వైపుకు దిగాయి. కొట్టు మూసేదాకా ఆ మేకుల మొనలు చూస్తూనే పిండి కలిపాను.

ఇప్పుడు నీ కవరు సంగతి. నా నంబరు కింద ఉన్న లెక్కలో వాడి చేపలున్నాయి. వాటి ఛార్జీ నేను వాడి దగ్గర పట్టుకున్నాను. అంటే తిరిగొచ్చేదాంట్లో వాడి వంతు వాడిదే. వచ్చింది నా దగ్గరే ఉంచుకుంటే, వాడు ఇన్నేళ్ళుగా అంటున్న మాట నిజమైపోతుంది. ఇచ్చేద్దామంటే వాడి గుమ్మం ఎక్కాలి. అసలు అడగకపోతే ఎవరి జోలీ ఉండదు. నాకు అదే తేలిక. అలసిపోయాను తిల్దా. శనివారాలు కూడా పని చేసుకుంటాను, పర్వాలేదు.

ఇది నీకు చెప్పాను, వాడికి చెప్పమని కాదు.

అత్త

*

డులుత్,
జనవరి 25, శనివారం

అత్తకు,

నీ ఆఖరి వాక్యం నేను రెండుసార్లు చదివాను. అయినా చెప్పేశాను. ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నీ ఉత్తరంలో మేకుల మొనల దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు ఆ చెక్క పీకితే బాగుండుననిపించింది. అదే ఊపులో నాన్నకు ఫోన్ చేసి, "అత్త నీకు సగం ఇస్తానంటోంది" అన్నాను. సగం అనే మాట నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నా నోటికి అందంగా అనిపించి వచ్చేసింది.

"సగమా? ముష్టి వేస్తోందా నాకు? నేను అడిగానా?" అన్నాడు.

"ముష్టి కాదు నాన్నా, నీ చేపల ఛార్జీ."

"నా చేపల సంగతి నేను చూసుకుంటాను. మీ అత్తకు చెప్పు, ఆ సగం కూడా వెన్న రాసుకుని తినమని."

నాకూ కోపం వచ్చింది. "మరి నువ్వూ ఆ ఏడాదే సొంత మెషీన్ పెట్టావు కదా. నీ దగ్గర ఎవరూ కోయట్లేదా? అది ఏ అక్క తింటోంది?" అన్నాను. అలా మాట్లాడినందుకు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పొయ్యి మీద ఏదో మాడుతోందని పెట్టేశాడు. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

ఆ తర్వాత తట్టింది, నాన్న కూడా క్లెయిమ్ వేయవచ్చు. 2019 జనవరి దాకా తన మెషీన్‌లో పోయినదానికి తన నంబరు మీద అడగవచ్చు. తన కవరు కూడా ఆ పెట్టెలోనే వచ్చిపడి, ఏ ట్రౌట్ చేపల కిందో కాలిపోయి ఉంటుంది. కవరు పోయినా, పన్ను నంబరు చెబితే క్లెయిమ్ వేయనిస్తారట.

నీది చీల్చి వేయడానికి మాత్రం లేదు. నంబరు నీది, క్లెయిమ్ నీదే. పంచుకోవడం మీ ఇంటి సంగతి. కావాలంటే నేను వచ్చి పక్కన కూర్చుంటాను. కానీ ఈ మంచులో బస్సులు తిరగడం లేదు.

క్షమించమని అడిగితే నువ్వు క్షమించేస్తావు, అందుకే అడగడం లేదు.

తిల్దా

*

గల్ హార్బర్,
జనవరి 30, గురువారం

తిల్దా,

సగమని నేనెప్పుడన్నాను? మూడు నెలల వేసవి బేరానికి సగమంటే ఎవరికైనా ముష్టిలాగే ఉంటుంది. లేదా లంచంలా ఉంటుంది. నిన్న సరుకుల కొట్లో ఉల్లిపాయల దగ్గర మీ నాన్న ఎదురుపడ్డాడు. ఇదివరకు చూడనట్టు పోయేవాడు. నిన్న చూసి మరీ వెనక్కి తిరిగిపోయాడు, బుట్ట అక్కడే వదిలేసి. అందులో ఒక్క క్యాబేజీ ఉంది. అంతవరకూ తెచ్చావు.

నీ మీద కోపం లేదు. ఉంటే ఇంత పొడుగు రాయను. కానీ ఈ సంగతి ఇక నాకు రాయకు. కవరు సొరుగులో పడేశాను, ఆ తారీఖు దానంతటదే దాటిపోతుంది. మంచు గురించి రాయి. అది నువ్వు బాగా రాస్తావు.

అత్త

*

గల్ హార్బర్,
ఫిబ్రవరి 3, సోమవారం

చిట్టితల్లి తిల్దాకు,

గురువారం నేను రాసింది నీకు చేరకపోతే మంచిదే. చేరి ఉంటే పక్కన పెట్టి, ఇది చదువు.

ఈ పొద్దున టిఫిన్లు అయ్యాక గిన్నెలు తుడుస్తుంటే ఆశ్రమం వంటింటి వెనక తలుపు ఎవరో తట్టారు. మీ నాన్న. టోపీ మీద మంచు, చేతిలో ఏమీ లేదు. చేప లేకుండా ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో వాడికి తెలియడం లేదు.

"అక్కా" అన్నాడు. తొమ్మిదేళ్ళకు మొదటి మాట. వెంటనే, "నా పన్ను నంబరు ఎంత?"

వాడి పన్ను కాగితాలు అప్పట్లో నేనే రాసిపెట్టేదాన్ని. నోటికి వచ్చింది, చెప్పేశాను. అరచేతి మీద రాసుకున్నాడు.

"ఎందుకురా?"

"లైబ్రరీలో అడిగాను. నంబరుంటే చాలన్నారు. రేపే ఆఖరట."

"కవర్లన్నీ కాల్చేశావుగా."

"అన్నీ కాదు. చలి తక్కువున్న రోజులు కూడా ఉంటాయిగా."

పని అయిపోయింది కదా, పోతాడనుకున్నాను. పోలేదు. తడిగుడ్డ తీసుకుని నేను తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తూ, "మూడున్నర" అన్నాడు.

"ఏం మూడున్నర?"

"నా మెషీన్ పెట్టాక మొదటి నెల కాగితం. వందకు మూడున్నర కోశారు. నువ్వు మూడే పట్టుకున్నావు."

"ఎప్పుడు చూశావది?"

"అప్పుడే."

"అప్పుడంటే?"

"ఆ అక్టోబరులో."

గిన్నె కింద పెట్టాను. "మరి ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నావురా ఒన్నీ?"

"చేపలు అమ్ముకోమన్నావుగా. అమ్ముకుంటున్నాను."

బంగాళాదుంపల బస్తా మీద కూలబడ్డాను. నాకు కోపం రావాలి కదా. లోపలంతా వెతికాను, దొరకలేదు. ఎక్కడో బాగా దూరం నుంచి బరువు మోసుకొచ్చి, దించే చోటు చేరాక దించడానికి కూడా ఓపిక లేనట్టుంది. వాడు వచ్చి బస్తా రెండో చివర కూర్చున్నాడు.

తర్వాత నేనే అన్నాను, "నా దాంట్లో నీ వాటా ఉంది" అని.

"సగమని పిల్ల చెప్పింది. అంత ఎక్కడిది? పావు కూడా ఉండదు. వేసవిలోనేగా నా బేరం."

"కార్డులన్నీ వచ్చేదీ వేసవిలోనేగా. మూడో వంతుకు తగ్గదు."

"పావు."

"మూడో వంతు. లెక్కలు నాకు తెలుసు."

"తెలుసనే కదా ఇంత దూరం వచ్చింది. పావంటే పావే."

గొంతులు లేచాయి. మా వంటింటి పెద్దావిడ పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది. "మా తమ్ముడు, డబ్బు తీసుకోమంటే తీసుకోవడం లేదు" అన్నాను. ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మిగిలిన కాఫీ పోసి వెళ్ళిపోయింది. ఇంకా తేలలేదు. అసలు ఆ డబ్బు ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో. "వచ్చేనాటికి ఉంటే అప్పుడు కొట్టుకుందాం" అన్నాడు. సరే అన్నాను.

రేపటికి నా షిఫ్టు వేరే అమ్మాయి చూస్తుంది. జీతం కోసుకుంటారు, కోసుకోనీ. సొరుగులోంచి కవరు తీసి కోటు జేబులో పెట్టాను. లైబ్రరీ పదింటికి తీస్తారు. వాడు తన పెట్టెను పెట్టెగానే ట్రక్కులో వేసుకొస్తాడట. అడుగున ఇంకా నావీ వాడివీ కవర్లు ఉండొచ్చు, అక్కడే కూర్చుని ఏరుకుందామన్నాడు. ఆ పెట్టెను లోపలికి రానిస్తారో లేదో. రానిస్తే నువ్వు మాట దొరకలేదన్న ఆ వాసన రేపు లైబ్రరీ అంతా ఉంటుంది. నీకు మాట దొరికితే రాయి, అక్కడివాళ్ళకు చెప్తాను.

కంప్యూటర్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయట, మధ్యలో ఏమీ అడ్డం లేకుండా. వాడు ఒక్క వేలితో కొడతాడు. ముందు వాడిది నేను కొట్టి, తర్వాత నాది కొట్టుకోవాలి.

తొమ్మిదిన్నరకు వస్తానన్నాడు. వీధిలో హారన్ కొట్టవద్దని చెప్పాను. కొడతాడు. అందుకని తొమ్మిదింబావుకే గుమ్మం ముందు మంచు తీసి, బయట నిలబడతాను.

అత్త